ఐరన్ ఇంజెక్షన్ ఇచ్చినా ఆవుకు రక్తం పట్టడం లేదు

ప్రశ్న: మా జెర్సీ సంకర ఆవు ఈని నెలైంది. వారం నుంచి జ్వరం, మేత ముట్టడం లేదు. 9 లీటర్ల పాలు 2 లీటర్లకు పడిపోయాయి. కళ్లు పాలిపోయాయి, భుజం ముందు నిమ్మకాయంత గడ్డ లేచింది. రక్తం తక్కువని మందుల షాపులో చెబితే రెండుసార్లు ఐరన్ ఇంజెక్షన్ వేయించాం. గుణం లేదు. ఇంకెన్ని వేయించాలి?
– ఒక పాడిరైతు, కృష్ణా జిల్లా

జవాబు: ఇంకొక్కటి కూడా వద్దు. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది ఇనుము లోపం కాదు, థైలేరియోసిస్ అని నా అనుమానం. పిడుదులు కుట్టినప్పుడు ఒంట్లో చేరి ఎర్రకణాలను దెబ్బతీసే పరాన్నజీవి వల్ల వస్తుంది. దెబ్బతిన్న ఎర్రకణాలను ప్లీహం ఏరి నాశనం చేస్తుంది గానీ వాటిలోని ఇనుము ఒంట్లోనే ఉంటుంది.

మరి రక్తం ఎందుకు పట్టదు? రక్తం తగ్గితే మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను వదులుతాయి. అది మూలుగలోని కణాల మీదున్న రిసెప్టర్‌కు (హార్మోన్‌ను పట్టుకునే చోటుకు) అతుక్కుంటేనే ఎర్రకణాల తయారీ పెరుగుతుంది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్ కాలేయ కణాల రిసెప్టర్లను తట్టి, ఇనుమును కట్టడి చేసే హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. దాంతో నిల్వ ఇనుము బయటికి రాదు. మూలుగ కూడా తెల్లకణాల వైపు మొగ్గుతుంది. సూక్ష్మక్రిములకు ఇనుము అందకుండా ఒళ్లు తనంతట తాను తాళం వేసుకుంటే, మీరు సూదితో ఇంకా పోస్తున్నారు!

ఈరోజే డాక్టరుగారిని ఇంటికి పిలిపించండి. ఆవును ఆసుపత్రికి నడిపించొద్దు, ఈ స్థితిలో ఆయాసంతో కూలిపోవచ్చు. మందు వేసే ముందే రక్తం తీయించి స్లైడు పరీక్ష (గాజు పలక మీద రక్తం చుక్కను మైక్రోస్కోపులో చూడటం), హిమోగ్లోబిన్ చూపించండి. ఆవుకు హిమోగ్లోబిన్ 100 మి.లీ. రక్తానికి 8 గ్రాముల కంటే తగ్గితే తక్కువే. వ్యాధి తేలితే బుపార్వాకోన్ అనే మందును కిలో బరువుకు 2.5 మి.గ్రా. చొప్పున, అంటే మిల్లీలీటరుకు 50 మి.గ్రా. ఉండే మందైతే 300 కిలోల ఆవుకు 15 మి.లీ., మెడ కండలో రెండు చోట్లగా వేస్తారు. జ్వరం దిగకపోతే 48–72 గంటల్లో మరోసారి. రక్తం మరీ పడిపోతే ఎక్కించాల్సి రావచ్చు.

షాపువాళ్లు కంటిరెప్ప ఎత్తి చూశారా, థర్మామీటర్ పెట్టారా? ‘రక్తం తక్కువ’ అన్నది జబ్బు పేరు కాదు. ఐరన్‌కు పెట్టిన డబ్బుతో స్లైడు పరీక్ష అయిపోయేది.

పాక గోడల పగుళ్లు కూడా పూడ్చండి, పిడుదులు దాగేది అక్కడే. సంకర దూడలకు థైలేరియా టీకా ఉంది, ఏ వయసులో వేయించాలో డాక్టరుగారిని అడగండి.