స్టేషన్ లోపలి గంటలకు లెక్క ఎవరు రాయాలి?
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పోలీసు కస్టడీ గురించే. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చాయి కాబట్టి సెక్షన్ నంబర్లు కొత్తవే ఇస్తున్నాం. మొదటిదాన్ని నాగరిక్ సంహిత అనీ, రెండోదాన్ని న్యాయ సంహిత అనీ రాస్తున్నాం.

ప్ర: మా తమ్ముణ్ణి రాత్రి పదకొండింటికి మఫ్టీలో వచ్చినవాళ్ళు జీపెక్కించుకుని పోయారు. స్టేషన్‌కు వెళితే "మా దగ్గర లేడు" అన్నారు. మూడో రోజు పొద్దున అరెస్టు చూపించారు. అలాంటప్పుడు ఇంటివాళ్ళు మొదట చేయాల్సింది ఏమిటి? – సూర్యాపేట జిల్లా పాఠకుడు

జ: టైము పడే కాగితం ఒకటి ఆ రాత్రే పుట్టించడం. మనిషిని ఎత్తుకెళ్ళిన గంటకూ, అరెస్టు చూపించిన గంటకూ నడుమ ఉన్న కాలం పోలీసు రికార్డులో ఉండదు. దెబ్బలు పడేది ఆ కాలంలోనే. దాని లెక్క ఇంటివాళ్ళు రాయకపోతే ఇంకెవరూ రాయరు.

వెంటనే 112కు ఫోన్ చేసి, ఎవరిని, ఎక్కడి నుంచి, ఎన్నింటికి, ఏ బండిలో తీసుకెళ్ళారో చెప్పండి. కాల్ వెళ్ళినట్టు ఫోన్‌లో కనిపించే వివరాన్ని ఫొటో తీసి దాచండి. తర్వాత అదే సంగతిని ఎస్పీకి లేదా కమిషనర్‌కు వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో పంపండి. మనిషి పేరు, వయసు, వేసుకున్న బట్టలు, బండి నంబరు, చూసినవాళ్ళ పేర్లు రాస్తే చాలు. "మా తమ్ముడు అమాయకుడు, ఏ పాపం ఎరుగడు" అని పేజీ నింపకండి. పొద్దున్నే అదే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. పౌరహక్కుల కార్యకర్తలు ఒకప్పుడు అర్ధరాత్రి తంతి ఆఫీసుకు పరుగెత్తింది ఇందుకే: టెలిగ్రాం మీద టైము పడుతుంది. 2013 జులైలో తంతి సేవ ఆగిపోయింది, దాని అవసరం మాత్రం ఆగలేదు.

ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరు పరచాలని రాజ్యాంగం 22వ అధికరణ, నాగరిక్ సంహిత 58వ సెక్షన్ చెబుతున్నాయి. అరెస్టు మెమో మీద ఇంటి మనిషో ఊళ్ళో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి (36వ సెక్షన్). అరెస్టు సంగతిని ఇంటివాళ్ళకో ఆ మనిషి చెప్పినవాళ్ళకో తెలియజేయాలి (48వ సెక్షన్). మెమో, కబురు ఈ రెండూ 1996 డిసెంబర్ 18న డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన పదకొండు నియమాల్లో ఉన్నవే. మెమో మీద మీచేత సంతకం పెట్టించుకోవాలనుకుంటే, వాళ్ళు వేసిన టైము చూడకుండా పెట్టకండి. టైము తప్పయితే సంతకం పక్కనే "ఫలానా రాత్రి 11 గంటలకు తీసుకెళ్ళారు" అని మీ చేత్తో రాయండి.

మర్నాటికీ ఆచూకీ లేకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు హాజరు పరచమనే పిటిషన్. సెలవు రోజైతే లాయరు హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గరే అత్యవసర విచారణ) అడగవచ్చు. పిటిషన్ వేశారని తెలియగానే మనిషిని వదిలేయడమో, రిమాండ్‌కు పంపడమో మామూలు. అక్కడితో పని అయిపోయిందని పిటిషన్ వెనక్కి తీసుకుంటారు చాలామంది. ఆ తొందర వద్దు. దెబ్బలకు వైద్య పరీక్ష చేయించమని, స్టేషన్ రికార్డు తెప్పించమని అదే పిటిషన్‌లో అడిగి ఉంచాలి. లాయరు ఫీజు కట్టే స్థోమత లేదని ఆగవద్దు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇవ్వాలి, నంబరు 15100.

ప్ర: కొట్టిన సంగతి జడ్జి ముందు చెబితే మళ్ళీ కొడతామని బెదిరించారు. మా అబ్బాయి ఏమీ చెప్పలేదు. ఇక ఆధారం పోయినట్టేనా? – ప్రకాశం జిల్లా నుంచి ఒక తల్లి

జ: పోలేదమ్మా. కష్టమైంది, అంతే.

అరెస్టు కాగానే డాక్టరు పరీక్షించి, ఒంటి మీది గాయాలు, అవి ఎప్పటివో రాసి, కాపీ అరెస్టయిన మనిషికో అతను చెప్పినవాళ్ళకో ఇవ్వాలన్నది నాగరిక్ సంహిత 53వ సెక్షన్. కస్టడీ సాగితే 48 గంటలకోసారి పరీక్ష జరగాలన్నది బసు తీర్పు. ఆచరణలో కానిస్టేబుల్ పక్కనే నిలబడి ఉండగా చొక్కా కూడా విప్పించకుండా "గాయాలు లేవు" అని రాసేస్తారు. ఆ కాగితమే తర్వాత మీకు అడ్డం వస్తుంది.

ఇప్పుడు మీకు మిగిలిన కాగితం జైలుది. జైల్లో చేర్చుకునేటప్పుడు జైలు డాక్టరు ఖైదీని చూసి ఆరోగ్య పరిస్థితి రాస్తారు. దెబ్బలతో వచ్చినవాణ్ణి ఆస్పత్రి కాగితం లేకుండా లోపలికి తీసుకుంటే ఆ నింద తమ మీదకు వస్తుందని జైలు సిబ్బందికీ భయమే, కాబట్టి అక్కడి రాతలో కొంత నిజం దొరుకుతుంది. లాయరు మేజిస్ట్రేట్ కోర్టులో మెమో వేసి ఆ రికార్డు తెప్పించమనవచ్చు, ఆస్పత్రిలో మళ్ళీ పరీక్ష చేయించమనవచ్చు. ములాఖత్‌కు వెళ్ళినప్పుడు అబ్బాయి ఎలా నడుస్తున్నాడో, ఏ చెయ్యి ఎత్తలేకపోతున్నాడో తేదీ వేసి రాసుకోండి.

బెయిల్ మీద వచ్చాక ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించి మెడికో లీగల్ కేసుగా (చట్టపరమైన కేసుగా) రాయించి, వూండ్ సర్టిఫికెట్ (గాయాల పత్రం) అడగండి. ఫొటోలు పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, వరసగా నాలుగైదు రోజులు తీయండి. కమిలిన చోటు రంగు ఎరుపు, నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు మారుతుంది. ఒక్క ఫొటో చెప్పలేని వయసును ఆ వరస చెబుతుంది. అరికాళ్ళు మరిచిపోకండి. అక్కడి దెబ్బ చర్మం మీద కనబడకపోయినా లోపల రక్తం గడ్డకట్టి ఉంటుంది.

ప్ర: స్టేషన్ నుంచి నడిచే వచ్చాడు. నాలుగో రోజు ఇంట్లోనే చనిపోయాడు. "మా కస్టడీలో పోలేదు, మాకు సంబంధం లేదు" అంటున్నారు. – మహబూబ్‌నగర్ జిల్లా పాఠకులు

జ: నడిచి రావడం క్షేమానికి రుజువు కాదు. తొడల మీద, పిర్రల మీద లాఠీలతో కొట్టినా, రోకలి లాంటిది దొర్లించినా కండరాలు లోపల నలిగిపోతాయి. వాటిలోంచి విడుదలయ్యే పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మొదటి రోజు నొప్పులే ఉంటాయి. తర్వాత మూత్రం తగ్గి కాఫీ డికాక్షన్ రంగులో వస్తుంది, ఒళ్ళు ఉబ్బుతుంది. మూడు రోజుల నుంచి పది రోజుల లోపు ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి స్టేషన్ నుంచి వచ్చిన మనిషికి అదే రోజు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు), సీపీకే (కండరాల దెబ్బ) రక్త పరీక్షలు చేయించాలి. దెబ్బలు ఎలా తగిలాయో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. "కింద పడ్డాడు" అని ఓపీ చీటీలో రాయించుకుంటే, ప్రాణానికీ కేసుకూ రెండింటికీ ముప్పు.

చట్టం మాటకొస్తే, చావు ఎక్కడ జరిగిందన్నదాని కంటే చావుకు కారణమైన గాయం ఎక్కడ తగిలిందన్నది ముఖ్యం. 2023లో మెదక్‌లో గొలుసు దొంగతనం అనుమానంతో తీసుకెళ్ళి వదిలేసిన మనిషి తర్వాత హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో చనిపోతే తెలంగాణ హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. మీ విషయంలో పోస్టుమార్టం జరగకుండా దహనం చేసి ఉంటే కష్టమే. పాతిపెట్టి ఉంటే శవాన్ని వెలికితీయించే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా అర్జీ పెట్టండి.

ప్ర: లాకప్‌లో చనిపోతే కుటుంబానికి ఏ హక్కులుంటాయి? శవాన్ని తొందరగా తీసుకెళ్ళమని పెద్దమనుషులు ఒత్తిడి చేస్తారు కదా? – విజయనగరం పాఠకురాలు

జ: ఆ ఒత్తిడి ఊరికే రాదు. కాలిపోయిన శరీరాన్ని రెండోసారి పరీక్షించలేరు గనుక వస్తుంది.

పోలీసు దర్యాప్తుకు అదనంగా మేజిస్ట్రేట్ విచారణ జరిగి తీరాలి. ఇది నాగరిక్ సంహిత 196(2). పాత చట్టంలో 176(1ఎ)గా 2006 జూన్ 23 నుంచి అమల్లోకి వచ్చిన నియమమే. కస్టడీలో కనిపించకుండా పోయినా, కస్టడీలో అత్యాచారం జరిగిందని ఆరోపణ వచ్చినా ఇదే వర్తిస్తుంది. ఇక్కడ మేజిస్ట్రేట్ అంటే జుడీషియల్ మేజిస్ట్రేట్. ఆర్డీఓ వచ్చి పంచనామా చేసి "విచారణ అయిపోయింది" అంటే ఒప్పుకోకండి; కోర్టు మేజిస్ట్రేట్‌కు అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, భార్య లేదా భర్తకు వీలైనంత వరకు ముందుగా తెలియజేసి విచారణలో ఉండనివ్వాలి. శవాన్ని 24 గంటల్లో వైద్య పరీక్షకు పంపాలి. పంపలేకపోతే కారణం రాతలో ఉండాలి.

పోస్టుమార్టం వీడియో తీయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1995 నుంచీ రాష్ట్రాలకు చెబుతూనే ఉంది. మొదలుకాక ముందే రాతపూర్వకంగా ఇవి అడగండి: వీడియో తీయాలి, అరికాళ్ళు, తొడలు, వీపు కోసి చూడాలి, విసెరాతో (లోపలి అవయవాల భాగాలతో) పాటు కణజాల పరీక్షకు ముక్కలు దాచాలి. ఉరి వేసుకున్నాడంటే ఆ తాడో లుంగీయో ఎక్కడ ఉంది, కట్టిన ఎత్తెంత, మెడ మీది గుర్తు ఏ దిశలో ఉంది అన్నవి పంచనామాలో రాయించండి. తెల్ల కాగితం మీద సంతకం మాత్రం వద్దు. చదవడం రాకపోతే చదివి వినిపించమని, వేలిముద్ర పక్కన అదే మాట రాయమని అడగండి.

అనుమానం ఉంటే మీ ఆచారం దహనమే అయినా ఈసారికి పూడ్చడం మేలు. చెప్పడానికి కఠినమైన మాటే. 2021 జూన్‌లో అడ్డగూడూరు పోలీసుల కస్టడీలో దళిత మహిళ చనిపోయిన ఘటనలో హైకోర్టు ఆదేశంతో శవాన్ని వెలికితీసి మళ్ళీ పోస్టుమార్టం చేయగలిగారంటే, పూడ్చి ఉండడం వల్లే.

ప్ర: ఫిర్యాదు ఢిల్లీకి పంపాలా, రాష్ట్ర కమిషన్‌కా? రెండింటికీ పంపితే బలం కదా? – అనంతపురం

జ: బలం కాదు, బలహీనత. ఒక కమిషన్ ముందున్న విషయాన్ని రెండోది తీసుకోదు. రాష్ట్ర కమిషన్‌లో అప్పటికే నడుస్తున్నదాన్ని జాతీయ కమిషన్ మూసేస్తుంది. ఆంధ్రప్రదేశ్ కమిషన్ కర్నూలులో, తెలంగాణది హైదరాబాద్‌లో ఉన్నాయి. అక్కడ ఛైర్మన్, సభ్యులు పదవిలో ఉన్నారో లేదో ముందు కనుక్కోండి, ఖాళీ కుర్చీల ముందు ఏడాది గడిచిపోకూడదు. ఎందుకంటే ఘటన జరిగిన ఏడాదిలోపే ఫిర్యాదు చేరాలని 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36(2) సెక్షన్.

కస్టడీ మరణమైతే జిల్లా అధికారులే 24 గంటల్లో జాతీయ కమిషన్‌కు తెలపాలి. అంటే మీరు రాయకముందే అక్కడ ఫైలు తెరుచుకుని ఉండవచ్చు. పోలీసు కస్టడీ అయితే నంబరు చివర పీసీడీ, జైలు అయితే జేసీడీ అని ఉంటుంది. ఆ నంబరు కనుక్కుని దానికే మీ మాట జత చేయండి. లేకపోతే "సహజ మరణం" అన్న అధికారుల నివేదిక ఒక్కటే చదివి ముగిస్తారు.

రుసుము లేదు. తెలుగులోనే రాయవచ్చు. కమిషన్ వెబ్‌సైటులో నమోదు చేయవచ్చు, 14433కు ఫోన్ చేయవచ్చు. ఉత్తరం కమిషన్ పేరుకే రాయండి. ముఖ్యమంత్రికి రాసి "కాపీ: మానవ హక్కుల కమిషన్" అని పెడితే కాపీ అన్న కారణంతోనే పక్కన పెడతారు. రెండు పేజీలు దాటనివ్వకండి: తేదీలు, గంటలు, స్టేషన్, అధికారి హోదా, గాయాలు, మీరు కోరేది. కోరేదాంట్లో మధ్యంతర సాయం, రికార్డుల భద్రత, ప్రాసిక్యూషన్ మూడూ రాయండి. అధికారుల జవాబు మీద మీ అభిప్రాయం అడుగుతూ కమిషన్ ఉత్తరం పంపితే గడువులోగా బదులివ్వండి. చాలా ఫైళ్ళు ఓడిపోయేది ఆ ఒక్క ఉత్తరానికి జవాబు వెళ్ళకే. కమిషన్ చేసేది సిఫారసే, ఉత్తర్వు కాదు. ప్రభుత్వం కదలకపోతే హైకోర్టే దిక్కు.

ప్ర: స్టేషన్‌లో సీసీ కెమెరాలున్నాయి. ఆ వీడియో ఇస్తారా? – కరీంనగర్

జ: అడగనిదే ఇవ్వరు, ఆలస్యంగా అడిగితే ఉండదు. 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గదితో సహా మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టి, 18 నెలలు దాచమంది. అంత సామర్థ్యమున్న పరికరం దొరకకపోయినా ఏడాదికి తగ్గకూడదంది. తీర్పు వేరు, హార్డ్ డిస్క్ వేరు. అదే ఏడాది తమిళనాడు సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకుల మరణంపై విచారించిన మేజిస్ట్రేట్, డిస్క్‌లో చోటున్నా ఏ రోజు రికార్డు ఆ రోజే చెరిగిపోయేలా పెట్టి ఉందని హైకోర్టుకు తెలిపారు. అందుకే మొదటి వారంలోనే ఎస్పీకి, మేజిస్ట్రేట్‌కు "ఫలానా తేదీ ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు భద్రపరచండి" అని రాయండి. పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి. కస్టడీలో మనిషి ఇంకా ఉంటే ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమని రాయండి, 48 గంటల్లో జవాబివ్వాలి. జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ సంగతుల పుస్తకం), 108 అంబులెన్స్ రికార్డు, ఆస్పత్రి క్యాజువాలిటీ రిజిస్టర్ నకళ్ళు కూడా అడగండి. ఆ మూడింటిలో టైములు ఒకదానితో ఒకటి కలవకపోతే మీ కేసు అక్కడే ఉంది.

ప్ర: కొట్టిన ఎస్ఐ మీద అదే స్టేషన్‌లో కేసు పెట్టరు కదా? – ఖమ్మం

జ: ఎస్పీకి రాతలో పంపండి, తర్వాత మేజిస్ట్రేట్‌కు అఫిడవిట్‌తో నాగరిక్ సంహిత 175(3) కింద అర్జీ. ఇప్పుడు ప్రభుత్వోద్యోగి మీద ఆరోపణ అయితే పై అధికారి నివేదిక, ఆ ఉద్యోగి చెప్పేది కూడా చూసే వీలు 175(4) ఇచ్చింది. మనకు ఇది ఒక మెట్టు ఎక్కువే. నేరం ఒప్పించడానికి కొట్టడం న్యాయ సంహిత 120 కింద ఏడేళ్ళ వరకు, గాయం తీవ్రమైతే పదేళ్ళ వరకు శిక్ష పడే నేరం. ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి కావాలంటే 120 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క (నాగరిక్ సంహిత 218). చిత్రహింస పేరుతో ప్రత్యేక చట్టం మనకు లేదు. ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద 1997లో సంతకం పెట్టాం గానీ ఈ చట్టమూ రాలేదు, ఒడంబడికకు ఆమోదమూ పడలేదు.

ప్ర: ఊరి పెద్దలు ఐదు లక్షలు ఇప్పిస్తామంటున్నారు. తీసుకుంటే కేసు పోతుందా? – పేరు వద్దన్న పాఠకురాలు

జ: హత్య, 120వ సెక్షన్ నేరం రాజీకి వీలున్నవి కావు. కాబట్టి చట్టం ప్రకారం పోదు. కానీ ఆ డబ్బుతో పాటు ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. "గుండెపోటుతో పోయాడు, మాకెవరిమీదా అనుమానం లేదు" అని అందులో ఉంటుంది, రేపు కోర్టులో మిమ్మల్నే అబద్ధికురాలిని చేస్తుంది. హక్కుగా వచ్చే పరిహారం వేరే ఉంది. 1993లో నీలబతి బెహెరా కేసులో ఒక తల్లి రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు లక్షన్నర ఇప్పించింది, నేర విచారణ దారి దానికి వేరుగానే ఉంచింది. చనిపోయినవారు ఎస్సీ, ఎస్టీ అయి, అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైతే 2016 నిబంధనల ప్రకారం 8.25 లక్షలు: సగం పోస్టుమార్టం తర్వాత, సగం చార్జిషీటు కోర్టుకు వెళ్ళాక. దీనికి అర్జీ జిల్లా కలెక్టర్‌కు. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, కులధ్రువీకరణ నకళ్ళు జతపరచండి.