‘ఒరిజినల్ యాక్సిల్’ అని అమ్మిన పాత పికప్: మూడేళ్లు దాటాక దావా నిలుస్తుందా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. 2022 అక్టోబర్ 14న ఒకాయన దగ్గర 1956 ఫోర్డ్ ఎఫ్-100 పికప్ 36,000 డాలర్లకు కొని, అదే రోజు ఇంటికి తెచ్చుకున్నాను. ప్రకటనలో ‘ముందు యాక్సిల్, స్ప్రింగులు ఒరిజినల్’ అని ఉంది. మా నాన్నగారికి పాత బళ్లంటే ప్రాణం, ఆయన వచ్చినప్పుడు ఎక్కించి తిప్పాలని కొన్నాను. అమ్మినాయన మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టి ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. 2023 జూన్‌లో అలైన్‌మెంట్ షాపువాళ్లు బిల్లు మీద ‘ముందు భాగం ఫోర్డ్‌ది కాదు’ అని రాశారు. మా ఆవిడ తన ఫోన్ నుంచి ఆయనకు మెసేజ్ పెట్టింది, చూస్తానన్నాడు. తర్వాత పనుల్లో పడి మర్చిపోయాం, ఆ ఫోన్ కూడా మార్చేశాం. పోయిన నెల, అంటే 2025 డిసెంబర్‌లో, మెకానిక్ బండి పైకెత్తి చూసి అది ప్లిమత్ వొలారే సస్పెన్షన్ అని తేల్చాడు. ఒరిజినల్‌గా మార్చడానికి 13,500 డాలర్లు అవుతుందట. అమ్మకం కాగితం (బిల్ ఆఫ్ సేల్)లో ‘యాజ్ ఈజ్’, అంటే ఉన్నది ఉన్నట్టుగా, అని ఉంది. ఆయన అంతా తెలిసే మమ్మల్ని ముంచాడు. బండి తిరిగిచ్చేసి డబ్బు రాబట్టగలనా? జంక్‌యార్డ్‌లో 1956 ఛాసిస్ ఒకటి ఉందనీ, దాని మీద నా బండి నంబర్ కొట్టించుకుంటే చవకలో పోతుందనీ ఒక స్నేహితుడు అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆయన నమ్మించి మోసం చేశాడన్న బాధే. దాన్ని పక్కన పెడుతున్నాను. ఆయనకు తెలుసా, తెలియదా అన్నదాని మీద మీ కేసు ఆధారపడదు. వొలారే 1976 నుంచి 1980 దాకా తయారైన కారు. దాని సస్పెన్షన్ మీ ట్రక్‌కు ఎక్కడం ఆ తర్వాత ఎప్పుడైనా జరిగి ఉండవచ్చు, మీకు అమ్మినాయన కొనేనాటికే అది అలా ఉండి ఉండవచ్చు. మీ కేసు తేలేది మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన సంగతి దగ్గర: 2023లో మీ శ్రీమతి పెట్టిన మెసేజ్. అందులో ఏముంది? అది ఇప్పుడు దొరుకుతుందా?

ఎందుకో చెబుతాను. ప్రకటనలో ‘ఒరిజినల్ యాక్సిల్’ అని రాయడం సరుకు వర్ణన. ఆ వర్ణన చూసి బేరం కుదిరితే టెక్సాస్ బిజినెస్ అండ్ కామర్స్ కోడ్ సెక్షన్ 2.313 కింద అది స్పష్టమైన వారంటీ. ‘హామీ’ అన్న మాట వాడకపోయినా, మోసం చేయాలన్న ఉద్దేశం లేకపోయినా అది వారంటీయే. చెప్పిన వస్తువు ఇవ్వలేదు, అంతే. మామూలు మనిషి తన బండి తాను అమ్ముకున్నా ఇది వర్తిస్తుంది.

‘యాజ్ ఈజ్’ మాట చూసి బెదిరిపోకండి. చెప్పకుండానే చట్టం ఊహించే వారంటీలను అది తీసేస్తుంది. నోటితోనో రాతతోనో ప్రత్యేకంగా ఇచ్చిన వారంటీని ఆ రెండు మాటలు మాత్రమే మింగేయలేవు. అయితే ఆ కాగితంలో ‘ఇంతకుముందు అనుకున్నవేవీ చెల్లవు, ఇదే మొత్తం ఒప్పందం’ అనే అర్థం వచ్చే వాక్యం ఉందేమో చూడండి. ఉంటే ప్రకటనను సాక్ష్యంగా తేవడానికి అవతలి లాయర్ అడ్డుపడతాడు. మీరు ఆ కాగితం మొత్తం పంపలేదు, ఒక్క మాట మాత్రం చెప్పారు. లాయర్‌ను సలహా అడిగేటప్పుడు కాగితం మొత్తం చూపించాలి.

ఇప్పుడు గడువు. వారంటీ ఉల్లంఘనకు సెక్షన్ 2.725 ప్రకారం నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లు లోపం మీ కంట పడ్డ రోజు నుంచి లెక్కించరు, సరుకు మీ చేతికి వచ్చిన రోజు నుంచి లెక్కిస్తారు. ‘నాకు డిసెంబర్‌లోనే కదా తెలిసింది’ అన్న వాదన ఇక్కడ పనికిరాదు. మీకు 2026 అక్టోబర్ 14తో తలుపు మూసుకుంటుంది. చివరి వారం దాకా ఆగే పని పెట్టుకోవద్దు. దావా వేస్తే చాలదు, సమన్లు ప్రతివాదికి అందేలా వెంటపడటం కూడా మీ బాధ్యతే.

మోసపు వ్యాపార పద్ధతుల మీద టెక్సాస్‌లో వేరే చట్టం ఉంది, అందరూ డీటీపీఏ అంటారు. తెలిసి చేశాడని రుజువైతే నష్టానికి మూడు రెట్ల దాకా ఇప్పించగల చట్టం అది. దానికి గడువు రెండేళ్లు. తెలిసిన రోజు నుంచి, లేదా కాస్త శ్రద్ధ పెడితే తెలిసి ఉండాల్సిన రోజు నుంచి ఆ రెండేళ్లు మొదలవుతాయి. షాపువాళ్లు ‘ఫోర్డ్‌ది కాదు’ అని బిల్లు మీద రాసి చేతికిచ్చింది 2023 జూన్. 2025 జూన్‌తో ఆ దారి మూసుకుపోయినట్టే. ఇక మోసం కింద విడిగా వేయడానికి నాలుగేళ్ల గడువున్నా, ఆయనకు తెలుసని నిరూపించే భారం మీది, మీ దగ్గర దానికి ఏ ఆధారమూ కనిపించడం లేదు.

ఇక్కడ మిమ్మల్ని మందలించక తప్పదు. వృత్తి తెలిసినవాడు లోపాన్ని రాతపూర్వకంగా ఇస్తే రెండున్నరేళ్లు పక్కన పడేస్తారా? ఆ రోజే కదిలి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

మిగిలింది వారంటీ దారి. దానికో మెలిక ఉంది. సెక్షన్ 2.607 ప్రకారం లోపం తెలిశాక, లేదా తెలిసి ఉండాల్సిన నాటి నుంచి, సబబైన సమయంలో కొన్నవాడు అమ్మినవాడికి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఏ పరిహారమూ రాదు. నాలుగేళ్ల గడువు మిగిలే ఉన్నా ఈ ఒక్క లోటుతో కేసు పోతుంది. ఈ రోజు మొదటిసారి నోటీసు ఇస్తే ‘రెండున్నరేళ్లు నిద్రపోయారు’ అంటాడు అవతలి లాయర్, ఆ మాటకు బలమైన జవాబు ఉండదు. అదే 2023 జూన్‌లోనే మెసేజ్ వెళ్లిందని చూపగలిగితే ఆ వాదన అక్కడే ఆగిపోతుంది.

కాబట్టి ఈ వారం మీ పని ఇదొక్కటే. పాత ఫోన్ ఇంట్లో ఎక్కడైనా ఉందా? క్లౌడ్ బ్యాకప్‌లో ఉందా? మీ శ్రీమతి ట్యాబ్‌లోనో లాప్‌టాప్‌లోనో అదే ఖాతా తెరిచి ఉందా? దొరికితే తేదీ, అవతలి నంబర్, ఆయన ఇచ్చిన జవాబు కనిపించేలా మొత్తం సంభాషణను దాచండి. ఒక్క ముక్క కత్తిరించి ఫొటో తీస్తే సరిపోదు. మాటలు కూడా ముఖ్యం. ‘బండి బాగా నడవడం లేదు’ అని ఊరికే అసంతృప్తి చెప్పడం నోటీసుగా చాలదని టెక్సాస్ కోర్టులు అన్న సందర్భాలున్నాయి. ‘మీరు ఒరిజినల్ అన్న యాక్సిల్ అది కాదని షాపువాళ్లు అంటున్నారు’ అని ఉంటే మీ చేతిలో మంచి సాక్ష్యం ఉన్నట్టు. మెసేజ్ దొరకకపోతే మీ శ్రీమతి నోటి సాక్ష్యం ఉంటుంది, కానీ ఆయన ‘నాకు అలాంటిదేం రాలేదు’ అంటే మాటకు మాటగా మిగులుతుంది.

ఇక బండి మీద సాక్ష్యం. అదృష్టవశాత్తు మీ విషయంలో అది అబద్ధం చెప్పలేని రకం. 1956 ఎఫ్-100కి ముందు రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒకే ఇనుప బీమ్ ఉంటుంది. దాని కొసల్లో చక్రాలు పక్కకు తిరగడానికి కింగ్ పిన్లు, రెండు పక్కలా ఛాసిస్ వెంబడి పొడవుగా పట్టీల స్ప్రింగులు. వొలారేలో ఆ బీమే ఉండదు. పైనా కిందా కంట్రోల్ ఆర్మ్‌లు, బాల్ జాయింట్లు, మెలితిరిగి స్ప్రింగుల్లా పనిచేసే, బండికి అడ్డంగా పడుకున్న టార్షన్ బార్లు ఉంటాయి. ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే అవకాశం లేదు. ఇంకా తేలికైన కొలత చక్రం బోల్టులది. ఫోర్డ్ ట్రక్‌కి ఐదు బోల్టులు 5.5 అంగుళాల వృత్తం మీద ఉంటాయి, వొలారేకి ఐదు బోల్టులే 4.5 అంగుళాల వృత్తం మీద. మీ వెనక యాక్సిల్ ఫోర్డ్‌దే అయి, మధ్యలో అడాప్టర్లు లేకపోతే, వెనక చక్రం ముందు పట్టదు. ఛాసిస్ మీద పాత స్ప్రింగుల బ్రాకెట్లు రివెట్లు వేసిన చోట ఖాళీ రంధ్రాలు, స్టీరింగ్ బాక్స్ బిగించిన చోటి గుర్తులు, కొత్త క్రాస్‌మెంబర్ (ఛాసిస్‌కు అడ్డంగా బిగించే దూలం) వెల్డింగ్ గీతలు కూడా ఫొటోల్లో పడాలి.

ఈ కొలత మీకు రెండువైపులా పదునున్న కత్తి అని గుర్తుంచుకోండి. ‘చక్రం విప్పితే తెలిసేదాన్ని కొనేముందు చూసుకోలేదేం?’ అని అడుగుతారు. మీరు నిజం చెప్పండి: వర్ణనను నమ్మి కొన్నాం, బండి కింద దూరి చూడలేదు. నిజంగా చూసి ఉంటే మాత్రం ఇప్పుడే నాకు చెప్పండి, కోర్టులో బయటపడటం కన్నా మేలు.

బాగుచేయించడానికి తొందరపడకండి. ఆ సస్పెన్షన్ ఊడదీసి పాత ఇనుముకి అమ్మేశారంటే మీ కేసును మీ చేత్తో అమ్ముకున్నట్టే. ముందు అవతలి పక్షానికి ‘వచ్చి చూసుకోండి’ అని రాతపూర్వకంగా అవకాశం ఇవ్వాలి. మీ మెకానిక్ కాకుండా మీతో సంబంధం లేని ఇంకొక మెకానిక్ చేత సంతకంతో నివేదిక రాయించండి. చివరికి పని మొదలుపెట్టినా ఊడదీసిన ప్రతి భాగాన్నీ తీర్పు వచ్చేదాకా దాచండి.

ఆ 13,500 అంచనా కూడా ఇలా ఒక్క మొత్తంగా ఉంటే పనికిరాదు. బీమ్ యాక్సిల్, స్ప్రింగులు, బ్రాకెట్లు, స్టీరింగ్ బాక్స్, దాని లింకులు, వెల్డింగ్ తొలగించి ఛాసిస్ సరిచేసే కూలి, ఇవన్నీ విడివిడిగా ఉండాలి. అరిగిన బ్రేకులు, టైర్లు అందులో కలిపి ఉంటే తీసేయండి, వాటికి ఆయన బాధ్యుడు కాడు. ఛాసిస్ పట్టాలను (రెండు పక్కలా పొడవుగా ఉండే ఇనుప దూలాలను) కోసి ఉన్నారా, గాడి పెట్టి ఉన్నారా అన్నది కూడా రాయించండి. కోసి ఉంటే ఖర్చు లెక్కే మారిపోతుంది.

నష్టం విషయంలో చాలామంది ఊహించని చిక్కు ఒకటుంది. చట్టం ఇప్పించేది, చెప్పినట్టు ఉండి ఉంటే బండి విలువకూ మీకు నిజంగా అందిన బండి విలువకూ తేడా, అదీ కొన్ననాటి లెక్కన. పాత ట్రక్‌కి కొత్తరకం సస్పెన్షన్ వేయించుకోవడానికి డబ్బు పెట్టేవాళ్లు బోలెడుమంది. ‘మార్పు వల్ల విలువ పెరిగింది, వీళ్లకు నష్టమెక్కడిది?’ అని అవతలివాళ్లు కచ్చితంగా అంటారు. దానికి జవాబు మీ ఆవేదనలో దొరకదు. పాత వాహనాల విలువ కట్టే అనుభవమున్న నిపుణుడు, మార్పులేని 1956 ట్రక్కుల ధరలు ఎదురుగా పెట్టి రాసే నివేదికలో దొరుకుతుంది. దానికి ఖర్చు పెట్టండి, ఇందులో లోభించకండి.

బండి తిరిగివ్వడం మరిచిపోండి. స్వీకరించిన సరుకును తిరస్కరించడానికి సెక్షన్ 2.608 దారి ఇస్తుంది గానీ, అది సబబైన సమయంలో జరగాలి. మూడేళ్లకు పైగా మీ దగ్గర ఉంచుకున్న బండిని ఇప్పుడు వెనక్కి తీసుకోమంటే జడ్జి ఒప్పుకోరు.

మీ స్నేహితుడి సలహా సంగతి. వేరే ఛాసిస్ మీద మీ బండి నంబర్ కొట్టించడం చవక పని కాదు, నేరం. వాహనం గుర్తింపు మార్చే ఉద్దేశంతో బండి మీద గానీ దాని భాగం మీద గానీ నంబర్ కొట్టడాన్ని టెక్సాస్ ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ సెక్షన్ 501.151 మూడో డిగ్రీ ఫెలనీగా, అంటే తీవ్రమైన నేరంగా చూస్తుంది. దానికి రెండు నుంచి పదేళ్ల దాకా జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా. వీసా మీదో గ్రీన్ కార్డ్ మీదో ఉన్నవాళ్లకు ఇలాంటి కేసు జైలుతోనే ఆగదు. ఆ ఛాసిస్ ఎక్కడో దొంగిలించిన బండిదని తేలితే ఇంకా ఘోరం. పైగా మోసం జరిగిందని కోర్టుకెళ్లే మనిషే నంబర్ మార్చాడని తెలిస్తే మీ మాట ఎవరు నమ్ముతారు? ఆ సంగతి మళ్లీ ఎత్తకండి, ఫోన్‌లో కూడా. నిజంగానే ఛాసిస్ మార్చాల్సి వస్తే అది కొన్న రసీదు, పాత యజమాని కాగితాలు ఉంచుకుని, సెక్షన్ 501.033 కింద ప్రభుత్వమే నంబర్ కేటాయించే పద్ధతిలో వెళ్లండి. మీ మెకానిక్ మాట నిజమై, పాత పట్టాలు అలాగే ఉంటే ఆ అవసరమే రాదు.

చేయాల్సింది ఇదీ. మెసేజ్ వెతకండి. ప్రకటన ఇంకా ఎక్కడైనా కనబడుతుంటే తేదీతో సహా ఈ రోజే దాచండి, మీకు వచ్చిన ఈమెయిల్‌లో కాపీ ఉందేమో చూడండి. షాపు బిల్లు మీకు ఇబ్బందికరమని దాన్ని దాచిపెట్టే ఆలోచన చేయకండి, షాపువాళ్ల దగ్గర కాపీ ఉంటుంది. తర్వాత అమ్మినాయనకు సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం రాయండి: ప్రకటనలో ఏం చెప్పారు, బండిలో ఏముంది, 2023లో మీరు ఏం చెప్పారు, ఎంత అడుగుతున్నారు, ముప్ఫై రోజుల్లో వచ్చి చూసుకోవచ్చు. అందులో ‘దొంగ’, ‘మోసగాడు’ అన్న మాటలు వద్దు. చాలా గొడవలు ఈ ఉత్తరం దగ్గరే సగం డబ్బుతో తెగిపోతాయి, మీకు అలాంటి మాట వస్తే కాదనకండి.

తెగకపోతే ఆయన ఉండే ప్రాంతపు జస్టిస్ కోర్టులో వేయండి. అక్కడ 20,000 డాలర్ల దాకా దావాలు వింటారు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. మెసేజ్ దొరికితే ఫిబ్రవరిలో ఉత్తరం, ఏప్రిల్‌లో దావా. దొరకకపోతే దావా ఫీజు కట్టేముందు బిల్ ఆఫ్ సేల్ మొత్తం కాపీతో ఒకసారి నన్ను కలవండి, మీ శ్రీమతిని కూడా తీసుకురండి. ఆమె ఏం రాసిందో ఆమె నోటనే వినాలి.