ప్యానెల్ తెరిచే ముందు ట్రిప్ సెట్టింగు చూడు

చిరంజీవి నాయనకు ఆశీస్సులు.

ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ నీకు అప్పగించారని అమ్మ చెప్పింది, సంతోషం. షాక్ గురించి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆర్క్ ఫ్లాష్, అంటే షార్టయిన చోట గాలిలోంచి కరెంట్ దూకి లేచే మంట, దాని దారి వేరు, ముట్టుకోకపోయినా కాలుస్తుంది. చదరపు సెంటీమీటరు చర్మం మీద 1.2 కాలరీల వేడి పడితే చాలు, బొబ్బలెక్కి రెండో డిగ్రీ గాయమవుతుంది.

"415 వోల్టులే కదా" అని మీ షిఫ్టులో ఎవరన్నా అంటే అక్కడే ఆపు. ఎంత కాలుతుందన్నది బ్రేకర్ ఎంతసేపటికి ట్రిప్పయి కరెంట్ తెంచిందన్న దాన్నిబట్టి ఉంటుంది. 11 కేవీ నుంచి 433 వోల్టులకు దించే 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకో. ఇంపెడెన్స్, అంటే లోపల కరెంట్‌కి ఉండే అడ్డు, 5 శాతమైతే ఫుల్ లోడ్ 1333 ఆంపియర్లు, షార్ట్ సర్క్యూట్ కరెంట్ దానికి 20 రెట్లు, సుమారు 26.7 కిలో ఆంపియర్లు. ఇది ఫేజులు గట్టిగా అతుక్కున్నప్పటి మాట. ఆర్క్‌కి సొంత నిరోధం ఉంటుంది కనుక కరెంట్ దాదాపు సగానికి, 13 కిలో ఆంపియర్ల దగ్గరికి పడిపోతుంది. నీ 1600 ఆంపియర్ల ఏసీబీలో (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్) ఇన్‌స్టాంటేనియస్, అంటే ఆలస్యం లేకుండా తెగే సెట్టింగు, 10 రెట్లకు, అంటే 16 కిలో ఆంపియర్లకు పెట్టి ఉందనుకో, బస్‌బార్ (ప్యానెల్‌లో కరెంట్ పంచే లోహపు పట్టీ) మీద లేచిన ఆర్క్ ఆ గీత దాకా చేరదు. షార్ట్ టైమ్ డిలే, అంటే అంతకన్నా తక్కువ కరెంట్‌కి బ్రేకర్ కావాలని ఆగే సమయం, 0.4 సెకన్లయితే అంతసేపూ మండుతుంది. అదే 0.1 సెకనులో తెగితే మనిషి మీద పడే వేడి నాలుగో వంతే.

అందుకే ఆర్క్ ప్రమాదం అంచనాను ట్రిప్ సెట్టింగుల దగ్గర, అంటే బ్రేకర్ ఎంత కరెంట్‌కి, ఎంతసేపటికి తెగాలన్న అమరికల దగ్గర మొదలుపెట్టు. డ్రాయింగులో రాసినవి నమ్మొద్దు, ప్రతి బ్రేకర్ దగ్గరికీ వెళ్లి నువ్వే చదివి రాసుకో. ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్, కేబుల్ సైజు, పొడవు కూడా కావాలి. లెక్క ఐట్రిపుల్ఈ 1584 (ఆర్క్ వేడిని లెక్కించే ప్రమాణం), 2018 ప్రతి ప్రకారం చేయించు. ఆర్క్‌కీ మనిషికీ మధ్య దూరం ఎంసీసీకి (మోటార్ల కంట్రోల్ ప్యానెల్) 455 మిల్లీమీటర్లు, పెద్ద ఎల్‌టీ (లో టెన్షన్) స్విచ్‌గేర్‌కి 610. బస్‌బార్ కొనలు తలుపు వైపు చూస్తుంటే ఆ సంగతి తప్పక చెప్పు, మంట నేరుగా మనిషి మీదికే వస్తుంది. ఆర్క్ కరెంట్ కాస్త తగ్గించి రెండోసారీ లెక్కించాలి. తక్కువ కరెంట్‌కి బ్రేకర్ ఆలస్యంగా స్పందిస్తుంది, కాబట్టి ఒక్కోసారి అదే ఎక్కువ ప్రమాదం. దూరంగా ఉన్న చిన్న ప్యానెల్ ఈ కారణంతోనే పెద్దదాన్ని మించుతుంది.

నాకు అన్నిటికన్నా భయం ఇన్‌కమర్ కేబుల్ చాంబర్, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కేబుల్ వచ్చి ప్యానెల్ మెయిన్ బ్రేకర్‌కి (ఇన్‌కమర్) కలిసే అర. ఇన్‌కమర్ ఆఫ్ చేశాం కదా అని దాన్ని తెరుస్తారు. ట్రాన్స్‌ఫార్మర్‌కీ ఇన్‌కమర్ ఏసీబీకీ మధ్య లేచే ఆర్క్‌ను ఆ ఏసీబీ ఆపలేదు. ఆపాల్సింది 11 కేవీ వైపు రిలే (లోపాన్ని పసిగట్టి బ్రేకర్‌ని ట్రిప్ చేయించే పరికరం). ఇక్కడి 13 కిలో ఆంపియర్లు దానికి 510 ఆంపియర్లుగానే కనిపిస్తాయి, తీరిగ్గా ట్రిప్పవుతుంది. అక్కడ చెయ్యి పెట్టాలంటే 11 కేవీ వైపే ఎల్‌సీ (లైన్ క్లియర్ అనుమతి) తీసుకుని, ఐసొలేట్ చేసి, తాళం వేసి, ఎర్త్ చేయించు.

కరెంట్ లేదని తేల్చుకునేటప్పుడు మీటర్‌ని ముందు లైవ్ సప్లై మీద చూడు, తర్వాత ఆపిన ప్యానెల్‌లో ఫేజుల మధ్యా, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్యా, మళ్లీ లైవ్ మీద. మీటర్ లీడ్ (వైరు) ఆంపియర్ల సాకెట్‌లో ఉండిపోతే ఆ మీటరే షార్టవుతుంది. ఇన్‌కమర్ దగ్గర క్యాట్ 4 (సప్లై మొదట్లో వచ్చే వోల్టేజీ దెబ్బల్ని తట్టుకునే రేటింగు) మీటరే వాడు.

లైవ్‌గా ఏ పనైనా తప్పనప్పుడు మెయింటెనెన్స్ మోడ్ స్విచ్ ఉంటే ఆన్ చేయించు, అది డిలే లేకుండా తక్కువ కరెంట్‌కే ట్రిప్ ఇస్తుంది. పెద్ద మోటార్లు ఆ సమయంలో స్టార్ట్ చేయనివ్వొద్దు, ఆ స్టార్టింగ్ కరెంట్‌కే ట్రిప్పవుతుంది. పని అయ్యాక తిరిగి పాత సెట్టింగుకు మార్చడం మర్చిపోవద్దు. బడ్జెట్ దొరికితే ముందు ఆర్క్ వెలుగును పట్టే రిలే, తర్వాత దూరం నుంచి బ్రేకర్ ర్యాకింగ్ చేసే (ప్యానెల్‌లోకి తోసే, బయటికి లాగే) మోటార్ కొనిపించు. కేబుల్ గ్లాండ్ రంధ్రాలు మూయించడానికి పెద్ద ఖర్చేం లేదు, ఎలుకలూ బల్లులూ లోపలికి వెళ్లి షార్ట్ చేసేది అక్కణ్ణుంచే.

ఆర్క్ సూట్ చివరి రక్షణ. లెక్కలో చదరపు సెంటీమీటరుకు 8 కాలరీలొస్తే అంతకు తగ్గని రేటింగు ఉండాలి. లోపల నూలు బట్టలే, పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. మన ఎండల్లో 40 కాలరీల సూట్‌తో ఎక్కువసేపు నిలబడటం కష్టం, మనుషుల్ని మార్చుతూ ఉండు. 40 దాటితే లైవ్‌గా ఆ తలుపు తెరవనివ్వొద్దు, ఎవరు తొందరపెట్టినా సరే. పేలుడు ఒత్తిడిని ఏ సూటూ ఆపదు.

ట్రిప్ సెట్టింగుల పట్టిక తయారయ్యాక నాకు ఒక కాపీ పంపు.

నీ మావయ్య