దొరువు దగ్గర కూర్చున్నాక అడుగు

అమ్మా చిన్నీ,

నీ చదువు రిపోర్టు కోసం మనోళ్ళని అడగాలని నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్రశ్నల పట్టిక మీ జేజికి, అదే మా అక్కకి, చదివి వినిపించాను. నలభై ప్రశ్నలు. మూడోదానికే లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ‘ప్రకృతి వనరుల పట్ల మీ సంప్రదాయ దృక్పథం ఏమిటి?’ అంటే మా అక్క ఏం చెబుతుందమ్మా? "ఈ బిడ్డ రేషన్ కార్డు కోసం ఏందో అడుగుతున్నట్టుందే" అంది.

నిన్ను తప్పుపట్టడం లేదు. ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేసిన నేనూ ఇట్టాగే అడిగి ఉండేవాడిని. కాకపోతే యానాదుల ఇంట్లో పుట్టిన పిల్ల సొంత జేజిని జనాభా లెక్కల మనిషిలాగా అడగడం చూసి నవ్వూ వచ్చింది, మనసుకి కొంచెం కష్టమూ అయింది.

వచ్చేటప్పుడు నోటుపుస్తకం సంచిలోనే ఉంచు. కాగితం పట్టుకున్న మనిషిని చూస్తే మన పెద్దోళ్ళు ఇప్పటికీ ముడుచుకుపోతారు. కొన్ని జాతులని పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టి పేర్లు రాసుకున్న బ్రిటిషు కాలపు నేరస్థ జాతుల చట్టంలో మన పేరూ ఉండేదని నీకు తెలుసు కదా. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్ళు మన కోసం పోరాడారు, చట్టం పోయింది. పేరు రాసుకుంటారంటే పుట్టే బెదురు మాత్రం పోలేదు.

మొదటి రోజు ఏమీ అడగబాక. మీ జేజితో నీళ్ళకు పో. ఇంటికి కుళాయి వచ్చినా ఆమె తాగేది దొరువు నీళ్ళే, ఇసకలో తోడిన గుంటలో ఊరేవి. సరుగుడు తోట దాటి, ఇసక దిబ్బ వాలు దిగేచోట నిలబడి చూస్తుంది. తుంగ కనబడినచోట కూలబడి రెండు చేతులతో ఇసక తోడుతుంది. మూర లోతుకి తడి తగుల్తుంది, ఇంకాస్త పోతే నీళ్ళు. మొదట ఊరినవి పారబోస్తుంది. మళ్ళీ ఊరేదాకా వక్క నములుతూ కూర్చుంటుంది. ఆ తర్వాత కొబ్బరి చిప్పతో పైపైన, అల లేవకుండా తీసి బిందెలో పోస్తుంది. తొందరపడి చిప్ప లోతుగా ముంచావో, చేతిమీద ఒకటి పడుద్ది. చిన్నప్పుడు నాకు పడని రోజు లేదు. "కింద ఉప్పుంది రా, దాన్ని లేపబాక" అనేది.

అడగాల్సింది అప్పుడు. ఉప్పుని లేపడమంటే ఏంది జేజీ అని అడుగు.

నువ్వు చదివే భూగర్భజలాల పాఠం ఆ మాటలోనే ఉంది. ఇసకలోకి ఇంకిన వాననీళ్ళు తేలిక, సముద్రపు నీళ్ళు బరువు. అందుకని తీపి ఉప్పు మీద తేలుతుంది. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున తీపినీళ్ళు నిలిస్తే, మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల దాకా తీపే ఉంటుందని గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరి పేరు మీద మీ పుస్తకాల్లో ఒక లెక్క ఉంది. మోటారు పెట్టి ఆ పై అడుగు లాగేస్తే కిందనుంచి ఉప్పు ఎగదన్నుకొస్తుంది. బాపట్లలో ఉప్పునీళ్ళ మీద పరిశోధన చేసేవాళ్ళు ఈ దొరువునే తీసుకుని, ఇసకలో చిల్లుల గొట్టాలు పరిచి, పైనీళ్ళు మాత్రం బావిలోకి చేరేట్టు మెరుగుపరిచారు. మీ సారు ఇదంతా ముసలోళ్ళ నమ్మకం అంటే ఆ సంగతి చెప్పు.

అట్టాగని మనోళ్ళకి అన్నీ ముందే తెలుసునని మాత్రం రాయబాక. దొరువులు ఉప్పెక్కడానికి రొయ్యల గుంటలే కారణమని పాళెంలో అందరూ అంటారు. మీ జేజి కూడా అంటుంది. నాకైతే మోటార్ల మీదా అనుమానమే. గుంటల పక్కనున్న దొరువూ, దూరంగా ఉన్నదీ, మోటార్ల దగ్గరిదీ ఎంచుకుని, ఈశాన్య వానలకు ముందు సెప్టెంబరులో ఒకసారి, సంక్రాంతి పోయాక ఒకసారి కొలువు. జేజి మాట తప్పని తేలితే తప్పనే రాయి. ఆమె ఏమీ అనుకోదు, నీతో వాదన పెట్టుకుంటుంది అంతే.

శ్రీహరికోట దీవిలో పుట్టిన ముసలోళ్ళు ఎవరైనా దొరికితే రెండు రోజులు అక్కడే ఉండిపో. రాకెట్ కేంద్రం వచ్చాక దీవి విడిచి ఇవతలికి వచ్చినవాళ్ళు. అక్కడ మొదటి రాకెట్ ఎగిరింది 1971 అక్టోబరులో. అప్పటికి పదేళ్ళ పిల్లోళ్ళు ఇప్పుడు అరవై దాటారు. ఎక్కడ ఏ దొరువు ఉండేదో, ఏది ఎండాకాలంలోనూ ఊరేదో ఇసకలో పుల్లతో గీసి చూపిస్తారు. ఫొటో తీసుకో. పులికాట్ ఒడ్డున రాయదొరువు అనే ఊరే ఉంది. ఊళ్ళ పేర్లూ రాసుకో.

వేర్లు, మందుల జోలికి పోబాక. ఇది నా తప్పు వల్ల చెబుతున్న మాట. ఉద్యోగం వచ్చిన కొత్తలో, మా అమ్మ విషానికి వాడే ఒక తీగ సంగతి బస్సులో పరిచయమైన వ్యాపారికి గొప్పగా చెప్పాను. రెండేళ్ళు తిరక్కుండా మా దిబ్బ మీద ఆ తీగ వేరుతో సహా మాయం. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తీగ పేరు నీకు కూడా రాయను.

ఎవరైనా ఒక పూట నీతో తిరిగితే ఆ పూట కూలి పోయినట్టే. కూలి లెక్కగట్టి ఇవ్వు, మొహమాటపడితే చేతిలో పెట్టు. రిపోర్టులో ‘స్థానికుల ప్రకారం’ అని రాయబాక. అడిగి, ఒప్పుకుంటే పేరు రాయి. యానాదులంటే ఎలుకలు పట్టేవాళ్ళని ఒక్క ముక్క రాసి వదిలేసిన పుస్తకాలు చాలానే చూశాను.

నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు తెస్తున్నావని మీ జేజితో చెప్పాను. నాలుగు దొరువుల నీళ్ళు నాలుక మీద వేసుకుని ఏది ఎక్కువ ఉప్పో వరసగా చెబుతానంటోంది. మీటరుతో పందెమట. సీసాలు నాలుగు ఎక్కువే తెచ్చుకో.

మీ తాత