రాజకీయ నాయకుల ఆత్మకథలు చదివితే నిజంగా చరిత్ర తెలుస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

తెలుస్తుంది. కాకపోతే ఒక్క పుస్తకంతో తెలియదు. ఈ సంగతి నాకు ఒంటబట్టడానికి పదేళ్లు పట్టింది.

నాకు చరిత్ర, అంటే నిజాం మీద, దొరల మీద కమ్యూనిస్టులు నడిపిన తెలంగాణ సాయుధ పోరాటం, మొదట పరిచయమైంది గ్రూప్-2 బిట్లుగా. పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య, కడవెండి, 1946 జూలై 4. పోలీసు యాక్షన్, అంటే భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి దిగడం, 1948 సెప్టెంబర్ 13. సాయుధ పోరాట విరమణ, 1951 అక్టోబర్ 21. కోచింగ్ సెంటర్లో ఇవన్నీ బట్టీ కొట్టాను. ఆ ఉద్యోగం రాలేదు గానీ ఒక డౌటు మాత్రం మిగిలిపోయింది. పోరాటం నిజాం మీద అయితే, నిజాం లొంగిపోయాక ఇంకో మూడేళ్లు ఎవరితో కొట్లాడినట్టు? బిట్ పేపర్లో దీనికి ఆప్షన్ ఉండదు.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఇంటికెళ్లి నాయనమ్మను అడిగాను. "రజాకార్లు పోయినంక మిలట్రీ వచ్చింది. పగలు మిలట్రీ, రాత్రి సంగపోళ్లు. ఇద్దరికీ మేమే అన్నం వండాలె" అంది. సంగపోళ్లంటే కమ్యూనిస్టు దళాలు. ఇంకా చెప్పమంటే లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

అట్లా పుస్తకాల మీద పడ్డాను. మొదట దొరికింది పోరాటాన్ని నడిపిన కమ్యూనిస్టు నాయకుల్లో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్య గారి 'వీర తెలంగాణ విప్లవ పోరాటం - గుణపాఠాలు', 1972లో వచ్చింది. బాగా లావు పుస్తకం. సుమారు 3 వేల గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయని, 4 వేల మంది దాకా చనిపోయారని, పది వేల మందికి పైగా జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో ఏళ్లకేళ్లు మగ్గారని ఆయన లెక్క. నా డౌటుకు జవాబు అందులో దొరికింది. పారిపోయిన దొరలు యూనియన్ సైన్యం వెనకే తిరిగి వచ్చారు, పంచుకున్న భూమిని కాపాడుకోవాలంటే తుపాకీ దించడం కుదరలేదు అని. చదివినన్నాళ్లూ ఆయన చెప్పిందే వేదం నాకు.

ఆ తర్వాత రావి నారాయణరెడ్డి గారిది చదివాను, 'వీర తెలంగాణ - నా అనుభవాలు, జ్ఞాపకాలు'. ఈయన బయటివాడు కాదు. పల్లెల్లో జనాన్ని కూడగట్టిన ఆంధ్ర మహాసభకు 1944 భువనగిరి సమావేశంలో అధ్యక్షుడు. 1952లో నల్లగొండ నుంచి లోక్‌సభకు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన మనిషి. ఆయన వాదన ఇందుకు పూర్తిగా ఎదురు. నిజాం పోయాక జనం మనసు మారింది, అప్పుడే ఆపేయాల్సింది అంటారు. నాకు తల తిరిగింది. ఒకే పార్టీ, ఒకే పోరాటం, ఇద్దరూ నిజాయితీపరులే. మరి ఎవరిని నమ్మాలి?

చాలా రోజులకు గానీ నాకో చిన్న విషయం తట్టలేదు. 1964లో పార్టీ చీలింది. సుందరయ్య గారు సీపీఎం ప్రధాన కార్యదర్శి అయ్యారు, రావి నారాయణరెడ్డి గారు సీపీఐలోనే ఉండిపోయారు. అంటే ఈ పుస్తకాలు 1948 గురించి మాట్లాడుతూనే 1964 తగాదా కూడా తీర్చుకుంటున్నాయి. అప్పటి నుంచి ఏ నాయకుడి పుస్తకం పట్టుకున్నా ముందు అచ్చయిన ఏడు చూస్తాను, ఆ ఏడు ఆయన ఎక్కడ కూర్చుని ఉన్నాడో చూస్తాను. పదవిలో ఉన్నాడా, ఓడిపోయి ఇంట్లో ఉన్నాడా, ఎవరి మీదైనా కోపంతో ఉన్నాడా అని. కథ వినేముందు చెప్పేవాడి మొహం చూస్తాం కదా, అట్లాగన్నమాట.

అదే కథ పైనుంచి ఎలా కనబడిందో చూడాలంటే ఇంకో జత ఉంది, రెండూ ఇంగ్లీషే. భారత ప్రభుత్వం తరఫున హైదరాబాద్‌లో ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ రాసిన 'ది ఎండ్ ఆఫ్ యాన్ ఎరా' ఒకటి, నిజాం చివరి ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ రాసిన 'ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్' ఇంకొకటి. ఈయన గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో బేరసారాలు ఎదురెదురుగా నడిపిన ఇద్దరు, ఎవరి గోడు వాళ్లు రాసుకున్నారు. మున్షీ శైలి నాకు కాస్త గొప్పలుగా అనిపించింది. లాయక్ అలీ చదివితే, ఓడినవాడి మాట కూడా వినాలి కదా అనిపించింది, ఒప్పుకోకపోయినా సరే.

నాయకులందరి పుస్తకాల్లోనూ నేను పట్టుకున్న ఇంకో గుర్తు ఉంది. గెలిచిన చోట వాక్యానికి కర్త ఉంటాడు: మేం చేశాం, నేను ఒప్పించాను. తప్పు జరిగిన చోట కర్త మాయం: పొరపాట్లు జరిగాయి, నిర్ణయం తీసుకోబడింది. అలాంటి వాక్యం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఇంకో పుస్తకంలో వెతకాల్సింది సరిగ్గా అక్కడే.

నాయకులు అసలు పట్టించుకోని సంగతులు 'మనకు తెలియని మన చరిత్ర'లో ఉన్నాయి. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు పోరాటంలో పనిచేసిన ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి వేసిన పుస్తకం, 1986. దళంలో ఉండి పసిబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన తల్లి అందులో మాట్లాడుతుంది. పోరాటం ఆగాక, ఇక ఇళ్లకు వెళ్లిపొమ్మంటే ఏ ఇంటికి వెళ్లాలో తెలియని వాళ్లు మాట్లాడతారు. ఇందులో కొన్ని పేజీలు నాయనమ్మకు చదివి వినిపించాను. అప్పుడు పొయ్యి దగ్గరికి లేచిపోలేదు. తనే మొదలుపెట్టింది. వండిన అన్నం ఎక్కడ దాచేవాళ్లో, క్యాంపుకు ఎవరిని పట్టుకుపోయారో, రెండు రాత్రులు చెప్పింది.

ఇక డబ్బు పోగొట్టుకున్న సంగతి. బుక్ ఫెయిర్‌లో ఒక నాయకుడి జీవితచరిత్ర నాలుగు వందలు పెట్టి కొన్నాను, పేరెందుకు లెండి. మొదటి పేజీ నుంచి చివరిదాకా దండలు, శాలువాలు. ఆయన జీవితంలో ఒక్క తప్పు చేయలేదు, ఒక్క ఎన్నికలో కూడా సొంత కారణంతో ఓడిపోలేదు. ఎవరు డబ్బిచ్చి రాయించారో ముందుమాటలోనే తెలిసిపోతుంది, అది నేను చివర్లో చదివాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ఇచ్చేది మాత్రం ఇవేవీ కాదు, టంగుటూరి ప్రకాశం గారి 'నా జీవిత యాత్ర'. చిన్నప్పటి నాటకాల పిచ్చి, ఆడవేషాలు, అల్లరి సావాసాలు ఏదీ దాచుకోలేదు పెద్దాయన. అయితే నాలుగో సంపుటం రాసింది ఆయన కాదు, తెన్నేటి విశ్వనాథం గారు. మూడు సంపుటాలు చదివి అందులోకి అడుగుపెడితే గొంతు మారిందని మీకే తెలుస్తుంది. ఆంధ్ర రాష్ట్ర మొదటి ముఖ్యమంత్రిగా ఆయన పదవి 1954లో మద్యనిషేధం గొడవ మీద ఎలా పోయిందో తెలుసుకోవాలంటే, ఆ సంపుటంతో పాటు అప్పటి పత్రికలు కూడా తిరగేయండి.

పాత పుస్తకాలు దొరకట్లేదని ఆగిపోవద్దు. హైదరాబాద్‌లో ఉంటే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉన్నాయి. ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ కూడా ఓసారి చూడండి, బేరం ఆడాలి. నా రావి నారాయణరెడ్డి కాపీ అక్కడే దొరికింది. ఎవరో నాకంటే ముందే దాన్నిండా గీతలు పెట్టి, రెండు చోట్ల పక్కన 'అబద్ధం' అని రాసి ఉంచారు.