ఎన్ని డిగ్రీలు దాటితే పిల్లల్ని బయటికి పంపకూడదు?

ఎండైనా చలైనా ఇన్ని డిగ్రీల దాకా పరవాలేదు అని చెప్పే అంకె ఏదైనా ఉందా, ఎనిమిది నెలల పాపకీ ఐదేళ్ల బాబుకీ ఒకే లెక్క సరిపోతుందా అని అడిగారు. నాకూ ఇద్దరు పిల్లలు, పెద్దదానికి ఆస్తమా ఉంది. ఆ అనుభవంతో చెబుతున్నాను: అలాంటి ఒక్క అంకె లేదు. ఫోన్లో మీరు చూసే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడేచోట కొలిచింది. ఎండలో ఆడుతున్న పిల్లాడికి తగిలే వేడి వేరు, దుప్పటి చుట్టిన పసిబిడ్డకు తగిలేది ఇంకా వేరు.

పిల్లల ఒళ్లు మన ఒంటిలా పనిచేయదు. బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం విస్తీర్ణం చాలా ఎక్కువ. అందుకే బయటి వేడిని త్వరగా లాగేసుకుంటారు, చలిలో ఒంట్లో వేడిని అంతే త్వరగా పోగొట్టుకుంటారు. ఈడొచ్చేదాకా వాళ్లకు చెమట కూడా మనకు పట్టినంతగా పట్టదు. పసిపిల్లల శరీరంలో దాదాపు 75 శాతం నీరే కాబట్టి కొద్దిగా తగ్గినా తేడా వెంటనే తెలుస్తుంది. అప్పుడే పుట్టిన పిల్లలకు వణికి వేడి పుట్టించుకోవడం కూడా సరిగా రాదు. అందుకే "నాకేం అంత వేడిగా లేదే" అని మన ఒంటితో కొలవడం పనికిరాదు.

ఎండ సంగతే ఎక్కువ చెబుతాను. చలికి అందరం జాగ్రత్త పడతాం, వేడిని మాత్రం తేలిగ్గా తీసుకుంటాం. ముందు చూడాల్సింది డిగ్రీలు కాదు, ఉక్కపోత. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. బాగా తేమ ఉన్న 33 డిగ్రీల రోజు, పొడిగా ఉన్న 38 డిగ్రీల రోజు కంటే కష్టంగా ఉండొచ్చు. రాత్రి కూడా చల్లబడకపోతే ఒంటికి తేరుకునే వ్యవధే దొరకదు, మర్నాడు పిల్లలు పొద్దున్నే చిరాగ్గా లేస్తారు.

మా చిన్నవాడు ఆటలో పడితే దాహం అనడు. వాడి ముఖం చూసి నేనే పట్టుకోవాలి. అప్పటిదాకా గెంతుతున్నవాడు బుగ్గలు కందిపోయి, మెల్లగా వచ్చి నా ఒళ్లో వాలి "కాళ్లు లాగుతున్నాయి" అంటాడు. ఆ మాట వినగానే నీడలోకి తీసుకెళ్లి, చొక్కా విప్పి, మెడ వెనకా చంకల్లో తడిగుడ్డ పెట్టి, గాలి తగిలేలా కూర్చోబెడతాను. నీళ్లు గుక్కెడు గుక్కెడుగా పడతాను. తర్వాత మూత్రం రంగు చూస్తాను, ముదురు పసుపులో ఉంటే ఆ పూటకి ఆట బంద్. పార్కులో జారుడుబల్ల ఎక్కించే ముందు దానిమీద నా చేతి వెనకభాగం ఆనించి చూస్తాను. చురుక్కుమంటే ఎక్కనివ్వను. ఎండకు కాగిన రేకూ రబ్బరు నేలా పిల్లల లేత చర్మాన్ని క్షణాల్లో కాల్చేస్తాయి.

పాప విషయంలో రెండు సంగతులు గట్టిగా చెబుతాను. ఎండ పడుతోందని స్ట్రోలర్ మీద బట్ట కప్పకండి, లోపల గాలి ఆడక ఇంకా వేడెక్కుతుంది. ఆగి ఉన్న కారులో ఒక్క నిమిషానికి కూడా పిల్లల్ని వదలకండి. బయట 22 డిగ్రీలే ఉన్నా ఎండలో ఉన్న కారు లోపల గంటలో 45 దాటిపోగలదు, అందులో చాలా భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుంది. అద్దాలు కాస్త దించినా ఒరిగేదేమీ ఉండదు. మీ పాపకు ఎనిమిది నెలలు కాబట్టి పాలతోపాటు కొద్దికొద్దిగా నీళ్లు పట్టొచ్చు. ఆరు నెలల్లోపు పిల్లలకైతే విడిగా నీళ్లు వద్దు, పాలే ఎక్కువసార్లు ఇవ్వాలి.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఎండ వల్ల ఒళ్లు కాలుతుంటే పారాసెటమాల్ పనిచేయదు. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచుకుంటుంది, మందు దాన్ని దించుతుంది. వడదెబ్బలో వేడి బయటినుంచి వచ్చి పేరుకుపోతుంది, ఒంటిని చల్లబరచడమే దారి. ఒళ్లు బాగా కాలుతూ పిల్లలు మగతగా ఉన్నా, పొంతనలేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా అంబులెన్స్ పిలవండి. అది వచ్చేలోపు నీళ్లతో తడుపుతూ విసురుతూ ఉండండి. చెమట పడుతోంది కదా అని నిమ్మళించకండి, వడదెబ్బలో చెమట ఉండనూ వచ్చు. ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, ఆరేడు గంటలుగా డైపర్ పొడిగా ఉండటం, మాడు లోపలికి పోయినట్టుండటం కనిపిస్తే పాపను అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

చలికి వస్తే, చల్లగాలి తగిలినంత మాత్రాన జలుబు పుట్టదు, వైరస్ ఉండాలి. కాకపోతే చలిగాలికి చల్లబడ్డ ముక్కులో జలుబు వైరస్‌లు బాగా పెరుగుతాయి, తలుపులన్నీ మూసుకుని అందరం ఒకే గదిలో ఉంటే ఒకరినుంచి ఒకరికి అంటుకుంటాయి. ఆస్తమా ఉన్న పిల్లలకు మాత్రం చల్లటి పొడిగాలే శ్వాసనాళాలను బిగిస్తుంది. మా పెద్దది చలికాలం పొద్దున పరిగెత్తితే ముందు పొడిదగ్గు, తర్వాత పిల్లికూతలు. ముక్కూ నోరూ కప్పేలా మెత్తని స్కార్ఫ్ కడతాను, ఆటకు ముందు డాక్టర్ చెప్పిన ప్రకారం ఇన్‌హేలర్ ఇస్తాను. ఆట మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

చలి భయంతో పసిపిల్లలకు బట్టలు కుక్కడం కూడా ప్రమాదమే. నిద్రలో ఒళ్లు మరీ వేడెక్కడానికీ పసిపిల్లల హఠాన్మరణాలకూ సంబంధం ఉందని డాక్టర్లు హెచ్చరిస్తారు. అందుకే ఇంట్లో పడుకున్నప్పుడు టోపీ వద్దు, వదులు దుప్పట్లు వద్దు. చేతులు చల్లగా ఉన్నాయని కంగారుపడకండి, పిల్లలకు అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనకో ఛాతీ మీదో చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమటగా ఉంటే ఒక పొర తీసేయండి, చల్లగా ఉంటే ఒకటి వేయండి.

మీ బాబుకు స్కూల్లో ఎండలో ఆటలుంటే ఎండలు ముదిరే మొదటి రెండు వారాలు మరీ కనిపెట్టి ఉండండి. కొత్త వేడికి ఒళ్లు అలవాటుపడటానికి దాదాపు అంత కాలం పడుతుంది, ఈలోపే పిల్లలు ఎక్కువగా సొమ్మసిల్లుతారు. ఆ రోజుల్లో ఆట టైమ్ తగ్గించి, అడగకపోయినా మధ్యమధ్యలో నీళ్లు తాగించమని టీచర్‌కి ముందే చెప్పి పెట్టండి.