పశువుల పాకలో అన్ని ఛాయల బొమ్మలు: రంగులు ఎట్ల కలపాలె, దోస్తులను ఎట్ల కలుపుకోవాలె

అక్కా, మీరు అడిగింది ఇది: హన్మకొండలో మీ చర్చి యువత ఏటా క్రిస్మస్‌కు పశువుల పాక (యేసు పుట్టిన చోటును బొమ్మలతో చూపేది) కడతరు, బొమ్మలన్నీ గులాబీ చర్మం, నీలి కళ్ళవే. ఈసారి నిట్‌లో చదివే ఆఫ్రికా విద్యార్థులు, మిజోరం, నాగాలాండ్ పిల్లలు మీతో కలిసి ఆరాధనకు వస్తున్నరు. పాకలో అందరి ముఖాలూ కనబడాలంటే ఏం చెయ్యాలె, వాళ్ళకు ఇబ్బంది కాకుండా పండుగల ఎట్ల కలుపుకోవాలె?

నల్ల రాజు బొమ్మ ఒకటి కొనుక్కొచ్చి మూలకు నిలబెట్టి చేతులు దులుపుకోవద్దు. బజార్ల దొరికే సెట్లల్ల బాలయేసును చూడొచ్చిన ముగ్గురు రాజుల్లో (వీళ్ళనే జ్ఞానులు అంటరు) ఒకరు చాలాసార్లు నల్లగానే వస్తడు. యూరప్ చిత్రకారులు మధ్యయుగాల చివరి నుంచే వాళ్ళల్ల బల్తజారు అనే అతన్ని ఆఫ్రికా రాజుగా గీస్తూ వచ్చిన్రు. మత్తయి సువార్తలో జ్ఞానుల పేర్లు లేవు, ముగ్గురన్న లెక్కా లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కానుకలున్నయి కాబట్టి వాళ్ళు ముగ్గురైన్రు. అసలు మారాల్సింది మధ్యల ఉన్న మరియ, యోసేపు, బాలయేసు. బెత్లెహేము పాలస్తీనాల ఉన్నది. అక్కడ యూదుల ఇంట పుట్టిన బిడ్డకు గోధుమ రంగో చామనఛాయో వేస్తే గులాబీ రంగు కంటే నిజానికి దగ్గరగా ఉంటది. పెద్దలెవరన్నా అడ్డం చెప్తే, 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో సెయింట్ ఫ్రాన్సిస్ అస్సీసీ పెట్టిన పాక సంగతి చెప్పండి. అక్కడున్నది గడ్డి తొట్టి, నిజం ఎద్దు, నిజం గాడిద, ఆ చుట్టుపక్కల జనం. ఏ ఊరి పాక ఆ ఊరి ముఖాలతో ఉండుడు ఆనాటి నుంచి ఉన్నదే.

రెండోది దేవదూతలు. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, చిన్నపిల్లలు ఎక్కువ సేపు చూసేది పైన వేలాడే దూతనే. ఇద్దరు దూతలుంటే ఒకరిని ముదురు ఛాయల చెయ్యండి. గొర్రెల కాపరుల్లో తలా ఒక రంగు. ముదురు ఛాయ బొమ్మలన్నిటినీ ఒంటెలు తోలేటోళ్ళుగా, మూటలు మోసేటోళ్ళుగా మాత్రం పెట్టొద్దు. చూసేటోళ్ళకు అది వెంటనే కనబడతది. క్యాథలిక్ చర్చి అయితే ఆశీర్వదించిన బొమ్మలుంటయి, ఫాదర్‌ను అడగకుండా బ్రష్ పట్టొద్దు.

ఇక రంగు పని. అడుగు ఎత్తుండే ప్లాస్టర్ బొమ్మలు పదకొండు ఉన్నయనుకుంటే, యాక్రిలిక్ రంగులు 15 మిల్లీలీటర్ల బుడ్లు సరిపోతయి: బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) 2, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) 2, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), తెలుపు, అల్ట్రామెరైన్ బ్లూ, క్రిమ్సన్ ఒక్కొక్కటి. షాపుల ‘స్కిన్ కలర్’ అని అడగొద్దు, పాలిపోయిన గులాబీ చేతిల పెడతరు. పేర్లు చెప్పి తీసుకోండి.

కొత్త బొమ్మ మీద మెరిసే పెయింటు ఉంటది. దాని మీద నేరుగా యాక్రిలిక్ వేస్తే గోరు తగిలితే చాలు పొరలేస్తది. ముఖం, చేతులు, పాదాలను 320 నంబరు ఎమ్రీ పేపర్‌తో మెరుపు పోయేదాక మెల్లగ రుద్దండి. తడిబట్టతో తుడవాలె గానీ నీళ్ళల్ల ముంచొద్దు, ప్లాస్టర్ నీళ్ళు పీల్చి మెత్తబడతది. ఆరినంక నీళ్ళతో కలిసే తెల్ల ప్రైమర్ ఒక చేయి. ప్రైమర్‌లోనే చెంచాడు సియెన్నా కలిపితే తర్వాత ఎక్కడన్నా పెచ్చు లేసినా కింద తెల్లగ కనబడదు. ప్రైమర్‌ను ఒక రాత్రంతా ఆరనియ్యాలె.

పాళ్ళు చుక్కల లెక్కన చెప్తున్న. చామనఛాయకు సియెన్నా 3, ఓకర్ 2, తెలుపు 1. ఇంకా ముదురుకు సియెన్నా 3, అంబర్ 1, ఓకర్ 1. బాగా నల్లటి ఛాయకు అంబర్ 4, సియెన్నా 1, అల్ట్రామెరైన్ అర చుక్క. ఈశాన్యపు పిల్లల తెల్లటి ఛాయకు తెలుపు 5, ఓకర్ 1, సియెన్నా అర చుక్క. పసుపు ఎక్కువేసి ‘వాళ్ళ రంగు’ అనొద్దు, మిజో పిల్లల్లో ఎన్నో ఛాయలుంటయి. యాక్రిలిక్ ఆరినంక ఒక మెట్టు ముదురైతది కాబట్టి ముందు అట్ట ముక్క మీద వేసి, ఆరబెట్టి, అప్పుడు నిర్ణయించండి. ఒక ఛాయ కలిపితే ఆ బొమ్మ ముఖం, చేతులు, పాదాలు మూడింటికీ ఒకేసారి సరిపడా కలపాలె. రెండోసారి అదే రంగు మళ్ళ రాదు.

ఎక్కువ చెడేది నల్లటి ఛాయ దగ్గరే. నలుపు బుడ్డి తెరిచి నేరుగా వేస్తే ముఖం మీద కన్ను, ముక్కు, చెంప ఏవీ కనబడయి. వెలుగు కనబడాలని దాని మీద తెలుపు గీస్తే బూడిద పూసినట్టయితది. నుదురు, ముక్కుదూలం, చెంప ఎముక మీద వెలుగుకు సియెన్నాలో ఓకర్ కలిపి పల్చగ అద్దండి. నీడకు అంబర్‌ల నీలం. అరచేతులు, అరికాళ్ళు ఒక మెట్టు లేతగ ఉండాలె, ఇది మరిచిపోతే చెయ్యి గ్లవ్ తొడిగినట్టుంటది. కంటి తెలుపుల అంబర్ పిసరంత కలపండి, కనుపాప ముదురు గోధుమ. పెదవులకు సియెన్నాలో క్రిమ్సన్ కొద్దిగా. నల్లటి ముఖం, లావు ఎర్ర పెదవులు, గుండ్రంగ ఉబ్బిన తెల్ల కళ్ళు కలిస్తే అది ఎక్కిరింపు బొమ్మ అవుతది. ఒకప్పుడు యూరప్, అమెరికాల్లో నల్లవాళ్ళను ఎగతాళి చెయ్యనీకి అట్లనే గీసెటోళ్ళు. నెదర్లాండ్స్‌లో డిసెంబర్ 5 నాటి సెయింట్ నికొలాస్ పండుగకు తెల్లవాళ్ళు ముఖానికి నలుపు, పెదవులకు ఎరుపు పూసుకుని ‘జ్వార్టే పీట్’ (నికొలాస్ నల్ల సేవకుడు) వేషం కడితే గొడవలైనయి. ఇప్పుడు చాలా ఊర్లల్ల చెంపల మీద మసి చారలతో సరిపెడుతున్నరు. మీ క్రిస్మస్ నాటకానికీ ఇదే వర్తిస్తది: రాజు వేషానికి ముఖం నిండా కాటుక, బొగ్గు పూయొద్దు.

ఉంగరాల జుట్టుకు ఫెవికాల్ పూసి, సన్నని రంపపు పొట్టు చల్లి వేలితో అద్దండి. ఆరినంక అంబర్ వెయ్యాలె. కొందరు బొంబాయి రవ్వ వాడతరు, వారంల చీమలు పడతయి. ముక్కు వెడల్పు చెయ్యాలంటే ఎం-సీల్ రెండు ముక్కలు సమానంగ పిసికి, శనగ గింజలో సగం అంటించి తడి వేలితో నునుపు చెయ్యండి. అంతకంటే ఎక్కువైతే ముఖం పాడైతది. చివర్ల మ్యాట్ వార్నిష్. గ్లాసీ వేస్తే లైట్ల కింద నుదురు తళతళ మెరుస్తది.

తప్పకుండా చూసుకోవాల్సింది ఇంకోటి ఉన్నది. బాలయేసు బొమ్మ వేరే డబ్బాల దాచిపెట్టి 24 రాత్రి తీసుకొస్తరు. తల్లిదండ్రులు చామనఛాయ, బిడ్డ గులాబీ. ఈ తప్పు మస్తు చోట్ల ఐతది. డబ్బా ముందే తెరవండి.

లైటింగ్ కూడా ముఖ్యమే. చల్లటి తెల్ల ఎల్ఈడీ, అంటే 6500 కెల్విన్ బల్బు పెడితే గోధుమ ఛాయలన్నీ పాలిపోతయి. 2700 నుంచి 3000 కెల్విన్ వార్మ్ వైట్ పెట్టండి, ముందు నుంచి పక్కకు ఏటవాలుగ. వెనుక చీకటి తాటాకు ఉంటే నల్లటి ముఖం అందులో కలిసిపోతది. లేత రంగు గోనెగుడ్డ కట్టండి. కింద గ్రీన్ కార్పెట్ బదులు కొత్తవాడ దర్రీ ముక్క పరిస్తే పాక మన ఊరిదే అనిపిస్తది.

రంగు పని మీతోని కాదంటే చేర్యాల నకాషీ కళాకారులకు, నిర్మల్ బొమ్మల వాళ్ళకు ఆర్డరియ్యొచ్చు. రెండు చోట్లా పొనికి చెక్కనే, తేలికగ ఉంటది. దసరాకు ముందే చెప్పండి, ఛాయల నమూనా అట్ట మీద వేసి చేతికియ్యండి. మాటలతో చెప్తే వాళ్ళ అలవాటు రంగే వస్తది.

ఇప్పుడు దోస్తుల సంగతి. ఆఫ్రికాల 54 దేశాలున్నయి, అందరూ క్రైస్తవులు కాదు. సూడాన్, సోమాలియా, నైజీరియా పిల్లల్లో ముస్లింలు చాలామంది ఉండొచ్చు. పండుగకు పిలవండి, ఆరాధనల కూసోవాల్సిందే అనొద్దు. మాంసం హలాల్‌దా అని వాళ్ళడగకముందే మీరే చెప్పండి. ఇథియోపియా, ఎరిట్రియా ఆర్థడాక్స్ వాళ్ళైతే క్రిస్మస్ జనవరి 7న. దానికి ముందు నలభై రోజులకు పైగా ఉపవాసం. మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి, పెరుగు ముట్టరు. 25న మీరు బిర్యానీ వడ్డిస్తే ముందర పెట్టుకుని కూసుంటరు. వాళ్ళ కోసం నెయ్యి వెయ్యని పప్పు, పచ్చిపులుసు, నూనె వంకాయ, సర్వపిండి చెయ్యండి. ప్లమ్ కేకుల గుడ్లుంటయి కాబట్టి దాని బదులు సకినాలు పెట్టండి, బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె తప్ప ఏం ఉండవు. మనూరి కారం కొందరికి ఎక్కువైతది, పచ్చిమిర్చి సగం తగ్గించండి, ‘తినలేకపోతున్నరు’ అని నవ్వొద్దు.

పాక కట్టేటప్పుడే పిలవండి, కట్టినంక చూడనీకి కాదు. గడ్డి కట్టుడు, వైరింగ్, రంగులు, ఏ పని ఇష్టమో వాళ్ళనే అడగండి. నల్లగున్నడని రాజు వేషం చేతికియ్యొద్దు. కాపరి కావాలన్నా, తెర వెనుక లైట్లు పట్టుకుంటనన్నా సరే. స్టార్ మీద శుభాకాంక్షలు రాయాలంటే స్వాహిలిల ‘క్రిస్మసి న్జెమా’, అమ్హారిక్‌ల ‘మెల్కమ్ గెన్నా’ అంటరు. అమ్హారిక్ అక్షరాలు వేరు, నెట్ల నుంచి దించకుండా వచ్చినోళ్ళతోనే రాయించండి.

మన పెద్దమ్మలకు, చిన్నపోరగాళ్ళకు ముందే చెప్పిపెట్టండి: జుట్టు ముట్టి చూడొద్దు, ‘నీగ్రో’, ‘చింకీ’ అనొద్దు, పేరుతో పిలవాలె. మైకుల ‘మన విదేశీ అతిథులు’ అని లేపి నిలబెట్టి సాక్ష్యం చెప్పమనొద్దు. ఫొటో తీసి గ్రూపుల పెట్టేముందు అడగాలె. కెరోల్ రౌండ్లు రాత్రి పొద్దుపోయేదాక సాగుతయి, హాస్టల్ గేటు టైము ముందే కనుక్కుని వాపసు తీసుకపొయ్యేటోళ్ళను ఇద్దరిని పెట్టండి. విదేశీ విద్యార్థిని రాత్రి ఇంట్లనే ఉంచుకుంటే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌ల వివరాలు నమోదు చెయ్యాలె, ఈ సంగతి చాలామంది ఇంటోళ్ళకు తెల్వదు.

డిసెంబర్‌ల ఒక్కరోజు పిలిచి మళ్ళ డిసెంబర్‌కే గుర్తుచేసుకుంటే దోస్తీ కాదు. జనవరి 7న ఇథియోపియా, ఎరిట్రియా దోస్తుల గదికి మీరు పోండి. అద్దె ఇల్లు వెతికేటప్పుడు పక్కన ఉండండి, ఓనర్లు ఫోన్ల సరేనని ముఖం చూసినంక కాదనుడు ఉన్నదే. మీరు పక్కన నిలబడితే జవాబు మారుతది. సద్దుల బతుకమ్మకు తంగేడు, గునుగు తెంపే దగ్గర నుంచే పిలవండి.

జనవరి 6 ముగ్గురు రాజుల పండుగ, 7 ఇథియోపియా, ఎరిట్రియా వాళ్ళ క్రిస్మస్, అవి అయ్యేదాక పాక విప్పొద్దు. విప్పినంక బొమ్మలను పాత చీర ముక్కల చుట్టండి. న్యూస్ పేపర్ల చుడితే మే నెల ఎండకు రంగు మెత్తబడి అక్షరాలు చెంపల మీద అచ్చు పడతయి, పాలిథిన్ కవర్ అయితే అతుక్కుని రంగే ఊడొస్తది. కలిపిన పాళ్ళు రాసిన అట్ట ముక్కలు కూడా అదే డబ్బాల వెయ్యండి, పైఏడు టచప్‌కు కావాలె.